రేడియో అసలు రంగు

లాండ్రీ వెనక ఇల్లు,
వానలు మొదలైన వారం

చిట్టికి,

పిన్ని ఆశీస్సులు. నీ కాలి కట్టు ఇంకా విప్పలేదని మొన్న ఫోన్‌లో అన్నావు. కొట్టు మెట్లు సబ్బుతో కడిగించిందీ నువ్వే, వాటి మీద జారిందీ నువ్వే. ఇక తిట్టడానికి నాకు మనిషి ఎవరు మిగిలారు? కట్టు విప్పేదాకా మేడ దిగకు. ఇక్కడికి వస్తానని బయల్దేరకు. ఒక మంచానికే చేస్తున్నాను, రెండు మంచాలకు నావల్ల కాదు.

మీ నాన్నగారికి మాట కొంచెం కొంచెంగా తిరిగొస్తోంది. కుడిచెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదు. పక్షవాతం వచ్చినవాళ్ళకి జ్ఞాపకం చిల్లుల జల్లెడలా ఉంటుందట, డాక్టరు చెప్పాడు. ఒకరోజు నేను పెట్టిన జావ తాగి "ఉప్పు తక్కువైంది" అంటారు, నాకు ప్రాణం లేచొస్తుంది. ఇంకోరోజు ఎవరింటికో వచ్చిన చుట్టంలా మర్యాదగా కూర్చుంటారు.

ఇంతకీ అసలు సంగతి. మన రేడియో మూగబోయింది. లారీ మావయ్య అటు వస్తుంటే పాత దుప్పట్లలో చుట్టి పంపిస్తున్నాను. మోగేలా చెయ్యి. ఎలాగూ నీ చేతికి వస్తోంది కాబట్టి పైన ఆ జిడ్డూ పసుపూ అంతా పోయేలా రుద్ది, కొన్నప్పుడు ఎలా ఉండేదో అలా చేసి పంపు. కుడి మూల సన్నటి పగులుంది, చూసుకో.

ఇదంతా ఫోన్‌లో చెప్పొచ్చు. కానీ ఫోన్ ఆయన మంచం పక్కనే ఉంది. నేను ఎవరితో ఏం మాట్లాడినా చెవి ఒగ్గి వింటారు, సగం అర్థమై కంగారు పడతారు. అందుకే రాస్తున్నాను.

మీ పిన్ని

*

కొట్టు పైన గది,
కిటికీ దగ్గర

పిన్నికి,

నమస్కారాలు. రేడియో క్షేమంగా చేరింది. మావయ్య దాన్ని లారీలో తన పక్క సీట్లో కూర్చోబెట్టుకుని తెచ్చాడట. "దారి పొడుగునా ఒక్క మాటా మాట్లాడలేదే మీ రేడియో" అన్నాడు.

దాన్ని మాట్లాడించడం పెద్ద పని కాదు. రెండు కండెన్సర్లు పోయాయి, లోపల బల్బులా వెలిగే వాల్వు ఒకటి బలహీనపడింది. నా పాత డబ్బాల్లో అన్నీ ఉన్నాయి. కాలు స్టూలు మీద పెట్టుకుని చేసేయగలను.

పాలిష్ మాత్రం వద్దు పిన్నీ.

కోప్పడకుండా విను. ఈ పెట్టె బేకలైటు. ఇప్పటి ప్లాస్టిక్కులన్నిటికీ తాత లాంటిది. దీనికి వయసు పైనుంచి పడుతుంది. ఎండా, గాలీ, లోపలి వాల్వుల వేడీ, నాన్న ఒకప్పుడు కాల్చిన సిగరెట్ల పొగా, అన్నీ కలిసి పైపొర రంగు మారుతుంది. అది జిడ్డు కాదు, మరక కాదు. ఆ పొర గోరంత మందం కూడా ఉండదు. రుద్దితే ఒక పూటలో పోతుంది. మళ్ళీ రావాలంటే మన జీవితాలు చాలవు.

మొన్నామధ్య ఒక పళ్ళ డాక్టరు తన తాతగారి టెలిఫోను తెచ్చి అద్దంలా చేయమన్నాడు. చేశాను. తీసుకెళ్ళి, వారం తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. "బావుంది గానీ, మా తాత దీంతో మాట్లాడాడంటే నమ్మబుద్ధి కావడం లేదు" అన్నాడు. పట్టుడు పళ్ళలా ఉందట. తన వృత్తి భాషలో చెప్పాడు పాపం.

మన రేడియో తేనెరంగులో ఎంత బాగుంటుందో నువ్వు రోజూ చూస్తూ మర్చిపోయావు. పైన, వాల్వులకి సరిగ్గా ఎదురుగా, కాలిన చక్కెర లాంటి ముదురు మచ్చ ఉంది చూడు. ఇన్నేళ్ళు మన ఇంట్లో మోగిన పాటలు, వార్తలు అన్నీ కలిసి వేసిన మచ్చ అది. తడిగుడ్డతో దుమ్ము తుడిచి, కాస్త మైనం పట్టించి పంపుతాను. అంతకుమించి నా చెయ్యి రాదు.

జావలో ఉప్పు తక్కువైందని నాన్న అన్నారంటే కాస్త ఎక్కువే వేసి ఉంటావు. ఆయన మాట ఎప్పుడూ అటూ ఇటూగానే ఉండేది కదా.

చిట్టి

*

లాండ్రీ వెనక ఇల్లు

చిట్టికి,

ఉత్తరం అందింది.

నువ్వు చెప్పిందంతా చదివాను. రెండుసార్లు చదివాను. నీకు నీ విద్య తెలుసు, కాదనను. నేను లాండ్రీదాన్ని. తెల్లగుడ్డ పసుపెక్కితే దానికి చరిత్ర ఉందని ఎవరూ నా దగ్గర వదిలిపెట్టి వెళ్ళలేదు.

పాలిష్ చెయ్యి. పూర్తిగా, అన్ని వైపులా. కొన్నప్పటి రంగు రావాలి. ఎందుకూ అని అడగకు. పెద్దదాన్ని ఒకమాట అడిగితే చెయ్యలేవా?

బజారు నుంచి కొత్త రేడియో ఒకటి తెచ్చాను. మీ నాన్నగారు దానివైపు ఒకసారి చూసి మొహం గోడకి తిప్పుకున్నారు. దాన్ని లాండ్రీ కౌంటరు మీద పెట్టాను.

మీ పిన్ని

*

కొట్టు పైన గది

పిన్నికి,

నా కాలు సంగతి అడక్కుండా నువ్వు రాసిన మొదటి ఉత్తరం ఇది. అందుకని నేనే చెబుతున్నాను. కట్టు విప్పారు. కాలు కొంగ కాలులా సన్నబడింది. ఇంకా మెట్లు దిగనివ్వడం లేదు.

నీ ఉత్తరానికి నేను నొచ్చుకున్న మాట నిజమే. కానీ నీ కోపం కంటే నువ్వు కొత్త రేడియో కొన్నావన్న వాక్యమే ఎక్కువ గుచ్చింది. చిరిగిన దిండుగలీబుని తిప్పి కుట్టి వాడే మనిషివి, పాతది రిపేరుకి పంపి మరీ కొత్తది కొన్నావంటే, అక్కడ ఏదో జరుగుతోంది. నువ్వు చెప్పడం లేదు.

నేనూ ఒకటి చెప్పలేదు. పెట్టె వచ్చిన రోజే అడుగుభాగంలో, ఎవరికీ కనిపించనిచోట, దూదితో కాస్త పాలిష్ రుద్ది చూశాను. ఎవరు ఏది తెచ్చినా అలా చూడటం నాకు అలవాటు. బేకలైటైతే దూది పసుపురంగు తేలుతుంది, కార్బాలిక్ సబ్బు వాసన వస్తుంది. దూది పసుపుముద్దలా అయింది. దాని కింద నాణెమంత మేర తెలుపు బయటపడింది.

పాలమీగడ తెలుపు పిన్నీ. నాకు బుద్ధి తెలిసిన దగ్గర్నుంచీ మన ఇంట్లో ఉన్నది తేనెరంగు రేడియో. బడిలో బొమ్మ గీయమంటే కూడా పసుపురంగే వేశాను. అది అలాగే పుట్టిందనుకున్నాను. రంగులు మారతాయని ఊరందరికీ చెప్పే నేను, మా ఇంటిదాని విషయంలో ఆ ఆలోచనే చేయలేదు.

నీకు ఈ సంగతి ముందే తెలుసా? కొన్నప్పటిలా కావాలని రెండు ఉత్తరాల్లోనూ రాశావు. నువ్వు మన ఇంటికి వచ్చేసరికే అది పసుపెక్కి ఉండాలి కదా.

ఇంకొకటి. మూల పగులు నేననుకున్నదానికంటే లోతుగా ఉంది. ఈ రకం బేకలైటు వయసు మీదపడేకొద్దీ లోపల్లోపలే బిగుసుకుంటుంది. రుద్దేటప్పుడు ఆ పగులు సాగితే పెట్టె రెండు ముక్కలవుతుంది. అంత సాహసం చేయమంటున్నావంటే కారణం నాకు తెలియాలి.

చిట్టి

*

లాండ్రీ వెనక ఇల్లు,
మధ్యాహ్నం, ఆయన నిద్రపోతుండగా

చిట్టీ,

కాలికి నువ్వులనూనె పట్టించు. మెట్లు దిగేటప్పుడు గోడవైపు నడువు. క్షమించు తల్లీ, కిందటిసారి అడగలేదు.

ఉన్నదున్నట్టు రాస్తాను. ఆస్పత్రి నుంచి వచ్చిన నాలుగోనాడో అయిదోనాడో, మాట కాస్త నిలబడగానే మీ నాన్నగారు మొదట అడిగింది, "తెల్ల రేడియో ఏది?" అని. ఎదురుగా బల్ల మీద మన రేడియో ఉంది. చూపించాను. "ఇది కాదు" అన్నారు. "మనకున్నది ఇదొక్కటేనండీ" అన్నాను. "ఇది కాదు, తెల్లది. ఎవరికిచ్చావ్?" అన్నారు.

జబ్బు మాట్లాడిస్తోందనుకున్నాను. కానీ రోజూ అదే అడిగారు. ఒకరోజు ఎడంచేత్తో మన రేడియోని బల్ల మీంచి తోసేయబోయారు. పట్టుకున్నాను. అది మూగబోయింది ఆ రోజే. అందుకే తెల్లరంగు కొత్తది తెచ్చాను. అదీ కాదన్నారు.

నీకు మొదటి ఉత్తరం రాసే ముందురోజే ఆయనతో పంపుహౌస్‌లో పనిచేసిన ఫిట్టరు ఒకాయన చూడ్డానికి వచ్చాడు. మాటల్లో నేను నవ్వుతూ ఈ సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. "ఉండేదమ్మా. వీధి మొత్తానికి అందరివీ నల్లవో, ముదురు రంగువో. వీళ్ళింట్లోనే తెల్లది. ఆవిడ బజారులో చూసి అదే కావాలని పట్టుబట్టింది. తెల్లది మాసిపోతుంది అని వీడు, మాయనిస్తానా అని ఆవిడ. మేమంతా సాయంత్రాలు వినడానికి వచ్చేవాళ్ళం" అన్నాడు. ఆవిడంటే అక్క. మీ అమ్మ.

నేను ఈ ఇంట్లో అడుగు పెట్టేసరికి అక్క పోయి నాలుగేళ్ళు దాటింది. నువ్వు మోకాలెత్తు ఉన్నావు. రేడియో అప్పటికే పసుపురంగు. దాన్ని ఎవరు కొన్నారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆయన అక్క మాట నా దగ్గర ఎత్తేవారు కాదు. నొచ్చుకుంటాననేమో. ఎత్తకపోవడం వల్లే నేను నొచ్చుకున్నానని ఆయనకి తెలియదు. చెప్పని మనిషి గుండెల్లో ఎంత చోటు ఉందో, అందులో మనకి దక్కింది ఎంతో, ఎలా తెలుస్తుంది? గదంతా ఊడ్చి, తాళం వేసిన బీరువా చుట్టూ చీపురు తిప్పినట్టు బతికాను.

ఇప్పుడు ఆయన మా ముప్ఫై అయిదేళ్ళూ దాటి వెనక్కి వెళ్ళిపోయి, అక్కడెక్కడో తలుపు కొడుతున్నారు. ఆ ఇంట్లో నేను లేను. కళ్ళెదురుగా ఉన్న రేడియోని పట్టుకుని "ఇది కాదు" అంటుంటే, నాకు "నువ్వు కాదు" అని వినపడేది. ఈ వయసులో, అదీ జబ్బుమనిషి మీద, చచ్చిపోయిన మనిషి మీద ఈర్ష్య ఏమిటని నువ్వు అనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. ఇస్త్రీపెట్టె పట్టుకుని రెండు చొక్కాలు మాడ్చాను.

కానీ ఆయన వెతుకుతున్నారు చిట్టీ. పొద్దస్తమానం కళ్ళు గది చుట్టూ తిరుగుతుంటాయి. సంతలో తప్పిపోయిన పిల్లాడిలా ఉన్నారు. తప్పిపోయిన పిల్లాడు "అమ్మేది?" అంటే, "నేనున్నానుగా" అని ఎంతసేపు అంటాం? వాళ్ళమ్మని చూపించాలి.

అందుకని పాలిష్ చెయ్యి. పగిలితే పగిలింది. నీ తప్పు కాదు.

మీ పిన్ని

*

కొట్టు పైన గది,
బల్ల మీద రేడియో ఆరుతుండగా

పిన్నీ,

నీ ఉత్తరం చదివాక మూడు రోజులు రేడియో వైపు చూడలేదు. దాని మీద గుడ్డ కప్పేశాను. ముందు నాకు కోపం వచ్చింది. నాన్న మీద. ఇన్నేళ్ళు చేసిన మనిషిని వదిలేసి ఎక్కడికి వెళ్ళారు అని. నువ్వు నీకోసం కోపం తెచ్చుకోవు కాబట్టి ఆ పని నేను చేశాను.

తర్వాత భయం వేసింది. తెల్లది చూపిస్తే ఆయన ఆ ఇంట్లోకి వెళ్ళిపోయి తలుపేసుకుంటే? మళ్ళీ మన దగ్గరికి రాకపోతే?

పిన్నీ, నాకు ఆ తేనెరంగు అంటే నువ్వే. నువ్వు వచ్చిన కొత్తలో నేను నీతో మాట్లాడేదాన్ని కాదట కదా. కానీ సాయంత్రం నువ్వు లాండ్రీ గుడ్డలు మడతపెడుతుంటే రేడియోకి చెంప ఆనించి కూర్చునేదాన్ని. అది వెచ్చగా ఉండేది. "చెవి కాలుతుందే పిల్లా" అని నువ్వు మధ్యలో ఒక తువ్వాలు మడత పెట్టేదానివి. నన్ను అక్కణ్ణుంచి లేపేదానివి కాదు. నేను ఈ పనిలోకి వచ్చింది ఆ వెచ్చదనం కోసమే అనుకుంటాను. నిన్ను గీకి పారేసి అమ్మని పైకి తేవడమే ఈ పని అనిపించి చెయ్యి ఆడలేదు.

నాలుగోరోజు గుడ్డ తీశాను. నిజం చెప్పాలంటే, కొట్టుకి వచ్చినవాళ్ళు వస్తువు నున్నగా చేయమంటే పోట్లాడి ఆపుతాను. కానీ ఎవరి వస్తువో వాళ్ళకి అది దేనికి అవసరమో, అదే ముందు. నాన్నకి అది వస్తువు కాదు, దారి. ఆ దారి చూపించమని అడుగుతున్నది నువ్వు. నువ్వే అడుగుతుంటే వద్దనడానికి నేనెవర్ని?

మూతికి గుడ్డ కట్టుకుని, నీళ్ళు పోస్తూ సన్నటి గరుకు కాగితంతో రుద్దడం మొదలుపెట్టాను. దాని పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, పొడిగా రుద్దకూడదు. పళ్ళెంలో నీళ్ళు టీ రంగుకి తిరిగాయి. ఒక పక్క అయ్యేసరికి నా వేళ్ళు బిగుసుకుపోయాయి. పైభాగం చేస్తుండగా టప్‌మని చిన్న చప్పుడైంది. మూల పగులు జానెడు సాగింది. చెయ్యి తీసేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను, ఊపిరి గట్టిగా పీలిస్తే ఇంకా సాగుతుందేమో అన్నట్టు. ఇంక సాగలేదు. లోపలివైపు నుంచి జిగురు నింపి, బిగించి ఆరబెట్టాను. పెట్టె నిలిచింది. కానీ పైన వెంట్రుకంత గీత కనిపిస్తుంది. అది పోదు.

ఒక సంగతి చెప్పాలి. అమ్మ మొహం నాకు గుర్తు లేదు. ఆవిడ గురించి ఎవరు ఏం చెప్పినా, ఎవరో బంధువు గురించి వింటున్నట్టే ఉండేది. తెలుపు పైకి తేలుతుంటే అనిపించింది, వీధంతా నల్లవి కొనుక్కుంటుంటే ఈవిడ తెల్లది కావాలని పట్టుబట్టింది, అది మాసిపోతుందని తెలిసి కూడా. కాస్త పొగరు ఉన్న మనిషన్నమాట. నాకు నచ్చింది. ఇన్నేళ్ళకి మా అమ్మ గురించి నాకు తెలిసిన మొదటి విషయం ఇది, దాన్ని నాకు చెప్పింది నువ్వు.

మావయ్య ఎల్లుండి బయల్దేరతాడు. స్విచ్చి వేశాక లోపల వేడెక్కడానికి కొంత సమయం పడుతుంది, కంగారుపడి నాబ్‌లు తిప్పకు. ఏం జరిగిందో రాయి. మంచైనా చెడైనా దాచకుండా రాయి.

చిట్టి

*

లాండ్రీ వెనక ఇల్లు,
వానలు వెలిసాక

చిట్టీ,

రేడియో చేరింది. దుప్పటి విప్పి చూస్తే ఒక్క క్షణం నాకే కొత్తింటికి వచ్చినట్టయింది. గీత కనిపిస్తోంది, ఫరవాలేదు. ఇంతకాలం బతికినదానికి ఆ మాత్రం ఉండకపోతే ఎవరు నమ్ముతారు?

ఏం జరిగిందో దాచకుండా రాయమన్నావు. రాస్తున్నాను.

ఆయన నిద్రలో ఉండగా బల్ల మీద పెట్టి, సన్నగా పాటలు పెట్టాను. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి పడుతోంది. కళ్ళు తెరిచి చూశారు. లేవాలని చూస్తే వీపు వెనక దిండు ఎత్తుపెట్టాను. చాలాసేపు దాన్నే చూశారు. ఏడుస్తారేమో అనుకున్నాను. ఏడవలేదు. ఎన్నాళ్ళుగానో గది చుట్టూ తిరుగుతున్న ఆ కళ్ళు ఒకచోట ఆగాయి. నాకు అదే చాలనిపించింది.

తర్వాత తల తిప్పి నన్ను చూశారు. ఎడంచెయ్యి చాపి నా చెయ్యి పట్టుకున్నారు. ఈమధ్య నేను పట్టుకోవడమే గానీ ఆయనగా పట్టుకోలేదు.

"అమ్మాయి పడుకుందా?" అన్నారు.

నువ్వు నలభై ఏళ్ళదానివి, వేరే ఊళ్ళో రేడియోలు బాగుచేస్తున్నావు అని చెప్పబోయాను. ఆయన చూపు చూసి ఆగిపోయాను. అది నన్ను చూసే చూపు కాదు. నన్ను అక్క అనుకుంటున్నారు.

చిట్టీ, ఆ క్షణం నాకు రెండు దారులున్నాయి. "నేను అక్కని కాదండీ" అనొచ్చు. అంటే మళ్ళీ వెతుకులాట మొదలవుతుంది. ఎవరూ లేని ఇంట్లో మళ్ళీ ఆయన్ని ఒంటరిగా వదలడం నావల్ల కాలేదు.

"పడుకుంది" అన్నాను.

"నీకొక మాట చెప్పాలి. కోపం తెచ్చుకోకూడదు" అన్నారు. మాట ఇంకా ముద్దగానే ఉంది గానీ, పదం పదం తడుముకుంటూ చెప్పారు.

"చెప్పండి" అన్నాను.

"ఇంట్లోకి ఒకావిడ వచ్చింది."

ఏమని అడగను? "ఎలాంటిది?" అన్నాను.

"ఎక్కువ మాట్లాడదు. కొంగు ఎప్పుడూ ఇస్త్రీ వాసన వేస్తుంది." కాస్త ఊపిరి తీసుకున్నారు. "అమ్మాయి రాత్రిళ్ళు లేచి ఏడవడం మానేసింది. ఆవిడ పక్కనే పడుకుంటోంది. నువ్వు దాని గురించి బెంగపెట్టుకోకు. ఆవిడ చూసుకుంటుంది."

"మీకో?" అన్నాను. అడిగాక, ఎందుకు అడిగానా అనుకున్నాను.

చాలాసేపు రేడియో వైపే చూశారు. పాట అయిపోయి వేరే పాట మొదలైంది. "నువ్వు వెళ్ళిపోయాక నేను కూడా వచ్చేద్దామనుకున్నాను" అన్నారు. "ఆవిడ వచ్చాక అనుకోలేదు."

ఇన్నేళ్ళలో నాకు ఈ మాట తెలియదు చిట్టీ. ఎవరికీ తెలియదు. అక్కకి తప్ప ఇంకెవరికీ చెప్పుకోలేని మాట అది. అక్క చోట నేను నిలబడ్డాను కాబట్టి నా చెవిన పడింది.

"ఈ మాట ఆవిడకి చెప్పారా ఎప్పుడైనా?" అని అడిగాను.

"ఎలా చెప్తాను? నీ పేరు తేవాలి కదా. బాధపడుతుంది."

ఇద్దరం ఒకరినొకరు బాధపెట్టకూడదని ఎంత జాగ్రత్తగా బతికామో చూడు.

కొత్త రేడియో మోగుతున్న లాండ్రీ కౌంటరు దగ్గర ఎవరో బెల్లు కొట్టారు. నేను కదల్లేదు. రెండోసారి కొట్టి వెళ్ళిపోయారు.

"ఆవిడ లోపలే ఉంది. పిలవమంటారా?" అన్నాను. పిలవమంటే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చేదాన్నేమో.

తల అడ్డంగా ఊపారు. నా చెయ్యి మాత్రం వదల్లేదు.

"వద్దు. పొద్దున్నుంచీ నిలబడే ఉంది పాపం. కాసేపు కూర్చోనీ" అన్నారు.

కూర్చున్నాను.

మీ పిన్ని